అనుమానం బలంగా ఉంది, రుజువు బలంగా ఉందా?

న్యాయం చేయడం కొన్నిసార్లు తేలిక. దొంగ సొత్తుతో సహా దొరికితే తీర్పు తేలిక. నిందితుడు ఆ రోజు అసలు ఊళ్ళోనే లేడని తేలితే అప్పుడూ తేలికే. 'వీళ్ళు తప్పు చేసే ఉంటారు' అని మనసు గట్టిగా చెబుతూ, 'కానీ రుజువు చాలడం లేదు' అని బుద్ధి ఆపుతున్నప్పుడే న్యాయమూర్తికి అసలు పరీక్ష. వార్త చదివి అభిప్రాయం ఏర్పరచుకునే మనందరికీ కూడా అది పరీక్షే. విశ్వాసులు న్యాయం కోసం స్థిరంగా నిలబడాలనీ, ఆ సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా వెనుకాడరాదనీ దివ్య ఖుర్‌ఆన్ ఆదేశించింది (4:135). ఎవరి మీదనైనా ఉన్న ద్వేషం మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని మరోచోట హెచ్చరించింది (5:8). ఈ రెండు ఆదేశాల వెలుగులో, ఈ కాలపు నేరాన్ని ఒకదాన్ని తీసుకుని, సాక్ష్యాన్ని ఎలా తూచాలో పరిశీలిద్దాం. ఆ నేరం టెండర్లలో కుమ్మక్కు.

పోటీ ముసుగులో దోపిడీ

ప్రభుత్వం రోడ్డు వేయించాలన్నా, ఆసుపత్రికి మందులు కొనాలన్నా, పెద్ద సంస్థ ఏదైనా సరకు టోకున తీసుకోవాలన్నా టెండర్లు పిలుస్తారు. ఎవరికి వారు విడివిడిగా తమ ధర రాసి ఇవ్వాలి. తక్కువ ధరకు మంచి సరకు ఇచ్చేవారికి పని దక్కుతుంది. ఈ ఏర్పాటు అంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: పోటీదారులు నిజంగానే పోటీ పడుతున్నారన్న నమ్మకం.

కొందరు ముందే కూడబలుక్కుంటారు. ఈసారి పని నీది, వచ్చేసారి నాది అని పంచుకుంటారు. పని దక్కకూడదనుకున్నవారు కావాలనే ఎక్కువ ధర రాసి డమ్మీ టెండరు వేస్తారు. కాగితం మీద నలుగురు పోటీ పడినట్టే ఉంటుంది. మన వాడుకలో సిండికేట్ కావడమంటే ఇదే. నష్టపోయేది ఆ రోడ్డు మీద నడిచేవారు, ఆ మందు వాడేవారు, ఆ పన్ను కట్టినవారు.

ఇది ధర్మసమ్మతమా అన్న విషయంలో మనకు సందేహం అక్కర్లేదు. కొనే ఉద్దేశం లేకుండానే ఇతరులను మోసగించడానికి పాట పెంచే పద్ధతిని అరబ్బులు 'నజష్' అనేవారు. దైవప్రవక్త (స) దాన్ని నిషేధించారు (బుఖారీ, ముస్లిం). అక్కడ కొనే ఉద్దేశం లేని పాట, ఇక్కడ పని చేసే ఉద్దేశం లేని టెండరు. రెండూ తోబుట్టువులే. ఒకరి సొమ్మును మరొకరు అక్రమంగా తినరాదన్న ఆదేశం (2:188, 4:29) దీనికి పూర్తిగా వర్తిస్తుంది.

కాబట్టి ఇక్కడ చిక్కు నేరాన్ని నిరూపించడంలో ఉంది. ఈ నేరం తలుపులు వేసుకుని జరుగుతుంది. చూసినవారంతా అందులో భాగస్వాములే. కాగితం మీద సంతకాలు ఉండవు. మిగిలేవి ఒకేలాంటి ధరలు, కొన్ని ఫోన్లు, కొన్ని సందేశాలు. వాటితో ఒక మనిషిని జైలుకు పంపవచ్చునా?

డెన్వర్‌లో మూడు విచారణలు

అమెరికాలో ఈ ప్రశ్న ఒక కేసులో మూడుసార్లు కోర్టుకు వచ్చింది. అక్కడ 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం ధరల కుమ్మక్కు క్రిమినల్ నేరం. వ్యక్తులకు పదేళ్ళ వరకు జైలు పడవచ్చు. కె.ఎఫ్.సి. వంటి హోటళ్ళ గొలుసు సంస్థలకు కోళ్ళు సరఫరా చేసే కంపెనీల అధికారులు 2012 నుంచి బిడ్లలో, ధరల్లో కుమ్మక్కయ్యారని ప్రభుత్వం అభియోగం మోపింది. 2020లో మొదట నలుగురి మీద, తర్వాత మొత్తం పదిమంది మీద కేసు నడిచింది.

ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నవి ఏమిటి? బిడ్లు సమర్పించే రోజుల్లో పోటీ కంపెనీల అధికారుల మధ్య సాగిన ఫోన్లు, సందేశాలు. ఆ తర్వాత పెరిగిన ధరలు. వీటికి తోడు, తనపై కేసు ఉండదన్న హామీతో సాక్ష్యమిచ్చిన ఒక కంపెనీ ఉద్యోగి. మన దగ్గర అప్రూవర్ అంటామే, అలాంటివాడు. ఒక్కో దారం విడిగా తెగిపోవచ్చు గానీ అన్నీ కలిపి పేనితే తాడవుతుందన్నది ప్రాసిక్యూషన్ వాదనలోని సారం.

నిందితుల జవాబు ఇలా సాగింది. ఈ వ్యాపారంలో ఒకరికి సరకు తక్కువైతే మరొకరి దగ్గర కొని సర్దుబాటు చేసుకోవడం మామూలే, అందుకే పోటీదారులు మాట్లాడుకుంటారు. ధరల సమాచారం తెలుసుకోవడం వేరు, ధర మీద ఒప్పందం చేసుకోవడం వేరు. 2014లో ధరలు పెరగడానికి చిన్న సైజు కోళ్ళ కొరతే కారణం.

అమెరికాలో ఇలాంటి కేసుల్లో పన్నెండు మంది సామాన్య పౌరుల జ్యూరీ ఏకగ్రీవంగా తీర్పు చెప్పాలి. 2021 డిసెంబరులో ఆ పన్నెండు మంది ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. విచారణ ఫలితం తేలకుండానే ముగిసింది. కొత్త జ్యూరీతో రెండో విచారణ జరిగింది. 2022 మార్చిలో అదీ అలాగే ముగిసింది. అప్పుడు న్యాయమూర్తి, మూడోసారి మాత్రం ఫలితం వేరుగా ఎందుకు ఉంటుందో చెప్పమని న్యాయశాఖలోని ఆ విభాగాధిపతినే కోర్టుకు రప్పించి అడిగారు. ప్రభుత్వం ఐదుగురి మీద కేసు ఉపసంహరించుకుని మిగతా ఐదుగురిని మూడోసారి విచారణకు నిలబెట్టింది. 2022 జూలై 7న జ్యూరీ ఆ ఐదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది.

ఈ కథలో మరో మలుపు ఉంది. నిందితుల్లో కొందరు పనిచేసిన పిల్‌గ్రిమ్స్ ప్రైడ్ కంపెనీ అంతకుముందే, 2021 ఫిబ్రవరిలో, కోర్టులో నేరం ఒప్పుకుంది. దాదాపు 10.8 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. కంపెనీ తప్పు ఒప్పుకుంది, దాని మనుషులు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు!

ఇది విన్న ఎవరికైనా 'డబ్బున్నవాళ్ళు తప్పించుకున్నారు' అనిపిస్తుంది. అలా అనిపించడం సహజమే. కానీ అనిపించడం రుజువు కాదు. కంపెనీ ఒప్పుకోలు ఆ కంపెనీకి చెందుతుంది. ఫలానా మనిషి ఫలానా ఒప్పందంలో చేరాడని అది చెప్పదు. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్‌ఆన్ పదేపదే చెప్పిన సూత్రం (6:164, 35:18).

రెండు చొక్కాలు చెప్పే పాఠం

పరిస్థితులను బట్టి లభించే సాక్ష్యాన్ని ధర్మవేత్తలు 'ఖరీనా' అంటారు. అది ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు అబద్ధం చెబుతుంది? యూసుఫ్ సూరాలో రెండు చొక్కాలున్నాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి చొక్కాను అన్నలు తండ్రి దగ్గరకు తెచ్చారు. దాని మీద రక్తం ఉంది. సాక్షులు పలువురు, అందరి మాటా ఒక్కటే, వస్తువు కళ్ళెదుటే ఉంది. అయినా అది అబద్ధపు రక్తమని ఖుర్‌ఆన్ చెప్పింది (12:18). తోడేలు తినేస్తే చొక్కా చిరగకుండా ఎలా ఉందన్న అనుమానం హజ్రత్ యాఖూబ్ (అ)కు కలిగిందని వ్యాఖ్యానకర్తలు రాశారు. అంటే రక్తం ఉందా లేదా అన్న దగ్గరే ఆయన ఆగిపోలేదు. నిజంగా తోడేలే తిని ఉంటే ఇంకా ఏం కనిపించాలి అని ఆలోచించారు.

రెండో చొక్కా ఈజిప్టు అధికారి ఇంట్లో చిరిగింది. ఇక్కడ చూసిన సాక్షి లేడు. ఇద్దరివి రెండు మాటలు. అప్పుడు ఆమె కుటుంబంలోని వ్యక్తే ఒకరు, చొక్కా ముందువైపు చిరిగి ఉంటే ఆమె చెప్పింది నిజమనీ, వెనుకవైపు చిరిగి ఉంటే యూసుఫ్ చెప్పింది నిజమనీ తేల్చాడు (12:26-28). ఈ పద్ధతిని గమనించండి. ఏది కనబడితే ఎవరు నేరస్తులో, ఏది కనబడితే ఎవరు నిర్దోషులో రెండువైపులా ముందే చెప్పి, ఆ తర్వాతే చొక్కాను చూశారు. చొక్కాను చూశాక దానికి తగిన కథ అల్లలేదు.

సాక్ష్యాన్ని తూచే త్రాసు ఇదే. 'వీళ్ళు దోషులైతే ఈ గుర్తు కనబడుతుందా?' అని మాత్రమే అడిగితే సగం త్రాసే పట్టుకున్నట్టు. 'వీళ్ళు నిర్దోషులైనా ఈ గుర్తు కనబడేదేనా?' అన్నది రెండో తక్కెడ. రెండు సందర్భాల్లోనూ కనబడే గుర్తు ఏదీ నిరూపించదు, ఎంత ఆశ్చర్యకరంగా ఉన్నా సరే. డెన్వర్ కేసులో ఫోన్లు ఎన్ని ఉన్నాయన్నది మొదటి ప్రశ్నే. కుమ్మక్కు లేకపోయినా ఆ ఫోన్లు జరిగేవా అన్నది రెండోది. జ్యూరీ తన తీర్పుకు కారణాలు చెప్పదు. కానీ ఈ రెండో ప్రశ్నకు నిస్సందేహమైన జవాబు దొరకనంతకాలం శిక్ష వేయకపోవడమే వారి విధి.

మన దేశంలో ఇదే త్రాసు

మన సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటివే రెండు కేసులు వచ్చాయి. రెండింటిలోనూ ఒకేలాంటి ధరలే, తీర్పులు మాత్రం వేర్వేరు.

మొదటిది గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల కేసు. భారత ఆహార సంస్థ 2009లో పిలిచిన టెండరులో మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలు అని ఒకే ధర రాశాయి. అంతకుముందు సంవత్సరాల్లోనూ ధరలు కలిసిపోయాయి. ఆ కంపెనీలు వేర్వేరు ప్రాంతాల్లో ఉన్నాయి, ఖర్చులు వేరు. విడివిడిగా లెక్క వేసుకుంటే అన్నిసార్లు ఒకే అంకె రావడం కుదరదు. 2017 మే 8న సుప్రీంకోర్టు అది కుమ్మక్కేనని నిర్ధారించింది. ఇది వెనుకవైపు చిరిగిన చొక్కా.

రెండోది వంటగ్యాస్ సిలిండర్ల కేసు. ఇండియన్ ఆయిల్ 2010-11లో 105 లక్షల సిలిండర్లకు టెండరు పిలిస్తే పలు కంపెనీలు ఒకే ధరలు రాశాయి. బిడ్లకు ముందు ముంబైలో కొందరి సమావేశం కూడా జరిగింది. కాంపిటీషన్ కమిషన్ నలభైకి పైగా కంపెనీలకు జరిమానా వేసింది. 2018 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ జరిమానాలను కొట్టివేసింది. ఎందుకు? ఆ సిలిండర్లు కొనేది మూడు ప్రభుత్వ చమురు కంపెనీలే. బయట అమ్ముకునే వీల్లేదు. సరకంతా ఒకే కొలత, ఒకే నమూనా. ధరను చాలావరకు నిర్ణయించేది కొనుగోలుదారే. అలాంటి చోట కుమ్మక్కు లేకపోయినా ధరలు కలిసే అవకాశముంది. రెండో తక్కెడ బరువెక్కింది.

ఈ రెండు కేసుల్లోనూ శిక్ష జరిమానాయే గానీ జైలు కాదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద కుమ్మక్కుకు సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూస్తే సరిపోతుంది. మనిషిని జైలుకు పంపాలంటే సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. శిక్ష బరువు పెరిగేకొద్దీ రుజువు బరువూ పెరగాలన్నది ఇక్కడి నీతి. ఇది మనకు కొత్త కాదు. అప్పు పత్రానికి ఇద్దరు సాక్షులు చాలు (2:282). వ్యభిచార నిందకు నలుగురు కావాలి. నలుగురిని తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలు (24:4). అతడు కళ్ళారా చూసి ఉండవచ్చు కదా అని మనం అనవచ్చు. అయినా నిరూపించలేని నేరాన్ని మనిషి మీద మోపడమే ఒక నేరమని అల్లాహ్ నిర్ణయించాడు.

భాగస్వామి సాక్ష్యం

ఇక, నేరంలో పాలుపంచుకుని, తన మీద కేసు ఉండదన్న హామీ పొంది సాక్ష్యం చెప్పేవాడి సంగతి ఏమిటి? తనకు లాభం తెచ్చిపెట్టే సాక్ష్యాన్ని మన ధర్మవేత్తలు అనుమానంతోనే చూశారు. అలాగని అతడి మాటను చెవిన పెట్టకూడదా? దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి నిజం తెలుసుకోమని, లేకపోతే తెలియక ఒక జనానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని ఖుర్‌ఆన్ చెప్పింది (49:6). విసిరికొట్టమని చెప్పలేదు, నమ్మేయమనీ చెప్పలేదు. విచారించమంది. అతడి మాటకు బయటినుంచి ఆసరా దొరికితే అది సాక్ష్యం. దొరకకపోతే అది వార్తగానే మిగులుతుంది.

జనబలం కూడా రుజువు కాదు. మదీనాలో బనూ జఫర్ తెగవాడు ఒకడు కవచం దొంగిలించి దాన్ని ఒక యూదుడి ఇంట్లో పెట్టాడని వ్యాఖ్యానకర్తలు తెలిపారు. సొత్తు యూదుడి ఇంట్లోనే దొరికింది. ముస్లిములుగా చెప్పుకునే బంధువులంతా తమవాడి పక్షాన నిలిచారు. పైకి చూస్తే కేసు తేలిపోయినట్టే. అప్పుడు నిసా సూరా 105వ ఆయత్ నుంచి వచ్చిన వాక్యాలు అవతరించి, ద్రోహుల తరఫున వాదించవద్దని ఆదేశించి, ఆ యూదుడిని నిందనుంచి కాపాడాయి. నిందితుడు మనవాడా పరాయివాడా, ధనికుడా పేదవాడా అన్నది త్రాసులో వేయవలసిన రాయి కాదు.

ఈ మాట హైదరాబాదు ముస్లిం కుటుంబాలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 2007 మేలో మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానంతో అరెస్టయిన పలువురు ముస్లిం యువకులు చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. అనుమానాన్నే రుజువుగా తీసుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. మన పిల్లల విషయంలో ఏ త్రాసు కోరామో, మనకు నచ్చని కోటీశ్వరుడైన కాంట్రాక్టరు విషయంలోనూ అదే త్రాసు పట్టుకోవాలి. లేకపోతే మనం కోరింది న్యాయం కాదు, పక్షపాతమే.

మరి దొంగలు తప్పించుకోరా?

తప్పించుకుంటారు. కొందరు తప్పకుండా తప్పించుకుంటారు. దీన్ని దాచిపెట్టి ప్రయోజనం లేదు. పాలకుడు శిక్షించడంలో పొరబడటం కంటే క్షమించడంలో పొరబడటం మేలన్న భావం గల ఉల్లేఖనం హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా తిర్మిజీలో ఉంది. దాని పరంపరలో బలహీనత ఉందని హదీసువేత్తలు చెప్పినా, సందేహముంటే హద్దు శిక్షలను ఆపాలన్న సూత్రాన్ని ధర్మవేత్తలు విస్తృతంగా స్వీకరించారు. మరోవైపు ఇబ్నె ఖయ్యిమ్ (మరణం క్రీ.శ. 1350) వంటి పండితులు, పరిస్థితుల సాక్ష్యాన్ని పూర్తిగా పక్కన పెట్టే న్యాయమూర్తి ప్రజల హక్కులను పోగొడతాడనీ, దానికే అతిగా లొంగేవాడు అన్యాయంలో పడతాడనీ హెచ్చరించారు. కాబట్టి సందేహమనే సాకుతో కళ్ళు మూసుకోవడం కూడా తప్పే. ఫోన్లు, ధరలు, లెక్కలు అన్నీ వెలికితీసి, తూచి, ఆ తర్వాతే సందేహం మిగిలిందో లేదో చూడాలి.

అంతకన్నా ముఖ్యం, కోర్టు విడుదల చేయడంతో లెక్క ముగియదు. తాను మనిషిననీ, తన ముందు వాదించేవారిలో ఒకరు మరొకరి కంటే మాటకారి కావచ్చుననీ, విన్నదాన్ని బట్టి తీర్పు ఇస్తాననీ, అలా ఎవరికైనా సోదరుడి హక్కు దక్కితే అది నరకాగ్ని ముక్కేననీ దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). స్వయంగా ప్రవక్త తీర్పే అక్రమ సొమ్మును హలాల్ చేయలేకపోతే, ఏ కోర్టు తీర్పు చేయగలదు? 'నిర్దోషి' అన్న మాటకు కోర్టులో ఉన్న అర్థం, నేరం రుజువు కాలేదని. అల్లాహ్ సన్నిధిలో ఆ మాటకు మరో అర్థం ఉంది.

మన వంతు

ఈ చర్చ అమెరికా కోళ్ళ వ్యాపారుల దగ్గరే ఆగిపోకూడదు. వక్ఫ్ దుకాణాల వేలంపాటకు వచ్చిన నలుగురూ ముందురోజు రాత్రే మాట్లాడుకుని వస్తే, తగ్గిన అద్దె సొమ్ము అనాథలది, వితంతువులది. పాఠశాల, మసీదు నిర్మాణాల పనుల్లోనూ ఇదే పరిస్థితి రావచ్చు. అప్పుడు మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, కుమ్మక్కుకు అవకాశం ఇవ్వకుండా ముందే జాగ్రత్త పడటం. పాటను అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ధరలను రాసి భద్రపరచాలి. పాత అద్దెలతో, పక్క వీధి అద్దెలతో పోల్చి చూడాలి. లావాదేవీని రాసుకోమన్న ఖుర్‌ఆన్ ఆదేశం (2:282) రేపటి వివాదానికి నేడే సిద్ధం చేసే సాక్ష్యం.

రెండోది, తెలిసినవాడు నోరు విప్పడం. ఇలాంటి నేరం ఎప్పుడూ భాగస్వాముల మౌనం మీదే బతుకుతుంది. సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభూయిష్టమని ఖుర్‌ఆన్ చెప్పింది (2:283). రుజువు చాలక దొంగ తప్పించుకున్నాడని వాపోయే ముందు, ఆ రుజువు ఎవరి గుండెల్లో దాగి ఉందో ఆలోచించాలి.

మూడోది, తెలియనివాడు నోరు అదుపులో పెట్టుకోవడం. అనుమానాల్లో కొన్ని పాపాలని అల్లాహ్ హెచ్చరించాడు (49:12). కమిటీలో ఎవరి మీదనైనా సందేహముంటే లెక్కలు అడగండి, విచారణ కోరండి. ఫోన్ సందేశాల్లో పేరు పెట్టి దొంగ అని చాటకండి.

చివరగా, చేయి కలిపినవాడికి ఒక మాట. ఖైబర్ యుద్ధం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక సేవకుడు బాణం తగిలి చనిపోయాడు. అతనికి స్వర్గం దక్కిందని జనం అభినందించారు. యుద్ధ ధనాన్ని పంచకముందే అతడు తీసుకున్న దుప్పటి ఇప్పుడు అతని మీద మంటై మండుతోందని దైవప్రవక్త (స) చెప్పారు. ఏ కేసూ లేదు, ఏ సాక్షీ లేడు. ఉమ్మడి సొమ్ములోంచి తీసుకున్నది ఒక దుప్పటి మాత్రమే. ఆ మాట విన్న ఒక వ్యక్తి గబగబా వెళ్ళి, తాను తీసుకున్న చెప్పుల పట్టీ ఒకటో రెండో తెచ్చి ఇచ్చేశాడు (బుఖారీ, ముస్లిం). అతణ్ణి ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. ఏ జ్యూరీ ముందూ నిరూపించలేని నేరానికి అతడు తానే సాక్షి, తానే న్యాయమూర్తి అయ్యాడు.

అల్లాహ్ మనకు న్యాయంగా తూచే బుద్ధినీ, సాక్ష్యం చెప్పే ధైర్యాన్నీ, తీసుకున్నది తిరిగి ఇచ్చే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.